ఉపదేశిగారి నల్లకోటు

కడప,
26 ఫిబ్రవరి 1940

తమ్ముడు లేవికి,

పరామర్శలన్నీ చివర్లో రాస్తాను. ముందు విషయం చెప్పకపోతే నాకు అన్నం దిగేలా లేదు. ప్రేమయ్య కూతురు మా బడికి పరీక్ష రాయడానికి వస్తోంది.

ఏ ప్రేమయ్య అని నువ్వు అడగవు. మన మేనమామ కొడుకు, బోర్డింగులో నీ పక్క చాప మీద పడుకున్నవాడు, నన్ను చేసుకోవలసినవాడు. ఇప్పుడు మైదుకూరు దగ్గర ఒక పల్లెబడికి హెడ్మాస్టరు. ఆయనకు ఒక్కతే కూతురు, పేరు కృపమణి, పదమూడేళ్ళు. ఎనిమిదో తరగతి సర్కారు పరీక్షకు ఆ చుట్టుపక్కల ఆడపిల్లలందరికీ మా బడే సెంటరు. ఇది పాసైతే పిల్ల టీచరు ట్రెయినింగుకు పోతుందట. సంఘంలో ఎవరు కనబడినా తండ్రి ఆ మాటే చెప్పుకుంటున్నాడట.

ఈరోజు ఆ పిల్ల నా బల్ల దగ్గరికి వచ్చి ఫారం ఇచ్చింది. అదే ముక్కు, అదే నుదురు. నేను తలెత్తకుండా సంతకం పెట్టిస్తుంటే, "మా నాయన మిమ్మల్ని శానా అడిగినానని చెప్పమన్నాడత్తా" అంది. అడిగాడట! పదిహేనేళ్ళకు గుర్తొచ్చాను కాబోలు. నా చేతిలో కలం విరగనందుకు సంతోషించాను.

ఆ మార్చి నెల నాకు నిన్నటిలా ఉంది. నీ స్కూలు ఫైనలు, లెక్కల పరీక్ష. నాన్న ఊరూరా వాక్యం చెప్పడానికి తొడుక్కునే నల్లకోటు కురచ చేయించి నీకిచ్చాడు. సగం పరీక్షయ్యేసరికి నీ ఒంటిమీంచి మడిచిన కాగితం జారి బల్ల కింద పడింది. నీ నోటుబుక్కులోంచి చించిన కాగితం, నీ చేతిరాత, దానిమీద ఆరోజు అడిగిన క్షేత్రగణితమే. అది నువ్వు పెట్టుకోలేదు. మరి ఆ ఉదయం నీ కోటు దులిపి నీకు తొడిగిందెవరు? "ఈ రాత ఎవరిది?" అని పరీక్ష నడిపే పెద్దలు అడిగితే లేచి నిలబడి "లేవిదే" అన్నదెవరు?

నిన్ను వెళ్ళగొట్టారు. ఉపదేశిగారి కొడుకు కాపీ కొట్టాడని ఊళ్ళన్నీ ముక్కున వేలేసుకున్నాయి. నాన్న తలెత్తుకుని వాక్యం చెప్పలేక నాలుగేళ్ళకే పోయాడు. నేను నిశ్చితార్థపు చీర తిప్పి పంపాను. ప్రేమయ్య మాత్రం పాసయ్యాడు, ఏడాది తిరక్కుండా ఇంకొకరిని చేసుకున్నాడు.

కృపమణి రాసే గదికి కాపలా ఎవరో తెలుసా? నేనే. ఏం చేయమంటావో రాయి. వద్దంటే మానతాను. నువ్వు వద్దనవని తెలిసే అడుగుతున్నాను.

అమ్మ బాగుంది. కళ్ళు మసకబారినా సూది దారం వదలదు. నీ ఉత్తరాలు ఆమెకు చదివి వినిపించేది నేనే గనక, ఆమె వినకూడనివి వేరే కాగితం మీద రాయి.

నీ అక్క,
ఏసుమణి

*

మారికుప్పం, కోలారు గనులు,
2 మార్చి 1940

అక్కా,

నీ ఉత్తరం గని మూతి దగ్గర నిలబడే చదివాను. నా వెనక కిందికి దిగాల్సినవాళ్ళు వరసగా నిలబడి తిట్టుకుంటున్నారు. హాజరు పుస్తకంలో నేను పేరు రాస్తేగానీ ఎవరూ దిగడానికి లేదు. ఒక్క పూట వాళ్ళు నాకోసం ఆగితే కొంప మునగదులే.

నువ్వు అడిగినదానికి జవాబు ఒక్క మాటలో చెప్పొచ్చు గానీ, నాకు మనసారా రాయాలని ఉంది. ఈ హాజరు పని దొరికేదాకా ఎనిమిదేళ్ళు ఆ చీకట్లో రాయి తొలిచాను. నా పక్కవాడు దగ్గి దగ్గి చచ్చాడు. సుత్తి ఎత్తిన ప్రతిసారీ ప్రేమయ్య "లేవిదే" అన్న గొంతు వినబడేది. నేను ఈపాటికి ఏదో ఒక ఆఫీసులో గుమాస్తానో, నీలాగే టీచరునో అయి ఉండేవాణ్ణి. లెక్కల్లో క్లాసు మొత్తానికి మొదటివాణ్ణి నేను, అతడు కాదు. కాపీ కొట్టే అవసరం ఉన్నది అతనికి!

నాన్న నల్లకోటు ఇంకా నా పెట్టెలోనే ఉంది. మళ్ళీ ఎప్పుడూ తొడుక్కోలేదు, పారెయ్యలేదు. కోపం చల్లారినట్టు అనిపించినప్పుడల్లా పెట్టె తెరిచి ఒకసారి చూసి మూస్తాను. అంతే, మళ్ళీ ఏడాదికి సరిపడా మంట పుడుతుంది.

కాబట్టి విను. అతడు నాకు చేసినట్టే చెయ్యి. ఆ పిల్ల నోటుబుక్కులోంచే కాగితం, ఆ పిల్ల చేతిరాతే, ఆరోజు పరీక్షదే. "రాత ఎవరిది?" అని అడిగితే నువ్వు లేచి నిలబడి చెప్పాలి. అతడు ఇంటికి పోయి కూతురి మొహం చూడాలి, నాన్న నా మొహం చూసినట్టు.

అమ్మకు జతచేసిన కాగితంలో నాకు ఆకలి బాగా వేస్తోందని, చర్చికి తప్పకుండా పోతున్నానని రాశాను. రెండింట్లో ఒకటి నిజం.

నీ తమ్ముడు,
లేవి

*

కడప,
31 మార్చి 1940, ఆదివారం

లేవీ,

రేపటినుంచి పరీక్షలు. ఈరోజు ఆరాధన తర్వాత పుస్తకాల ప్రార్థన జరిగింది. నీకు గుర్తుండే ఉంటుంది, పరీక్షలకు పోయే పిల్లలు తమ నోటుబుక్కులు తెచ్చి బల్ల మీద పెడతారు, అయ్యగారు వాటిమీద చెయ్యి ఉంచి ప్రార్థన చేస్తారు. కృపమణి కూడా తన పుస్తకం తెచ్చి పెట్టింది. నీలం అట్ట, చుట్టూ ఆకుపచ్చ గీత. అందరూ కళ్ళు మూసుకున్నారు. నేను ఆ అట్టనే చూస్తూ నిలబడ్డాను.

ప్రేమయ్య వెనక వరసలో ఉన్నాడు. తల సగం నెరిసింది. నన్ను చూసి, పేరు పెట్టి పిలుస్తూ లేవబోయాడు. నేను అమ్మ చెయ్యి పట్టుకుని వేరే తలుపులోంచి వచ్చేశాను. అమ్మ, "మా అన్న కొడుకు గొంతు మాదిరి ఉండాదే" అంది. కాదన్నాను.

భయంగా ఉందని రాయకూడదనుకున్నాను, రాసేశాను. నువ్వు నవ్వుకో. లెక్కల పరీక్ష మంగళవారం.

ఏసుమణి

*

కడప,
3 ఏప్రిల్ 1940

లేవీ,

అయిపోయింది.

పిల్లలు పుస్తకాలన్నీ వరండాలో పెట్టి లోపలికి వచ్చారు. నీలం అట్ట పుస్తకం వెతకడానికి నాకు రెండు నిమిషాలు కూడా పట్టలేదు. ప్రశ్నపత్రం అప్పటికే నా చేతిలో ఉంది. సరిపోయే కాగితం చించి రెండు మడతలు పెట్టి పైటలో దాచాను. గంట గడిచాక ఆ పిల్ల అదనపు కాగితం అడిగింది. ఇస్తూ, దాన్ని ఆమె రాసుకునే అట్ట కిందికి తోశాను. తర్వాత నీళ్ళ నెపంతో సూపరింటెండెంటుగారిని ఆ వరసలోకి తీసుకొచ్చాను. అట్ట పక్కకు జరిపి చూసింది ఆయనే.

పిల్ల ఏడవలేదు. లేచి నిలబడి నావైపు తిరిగి, "నేను పెట్టుకోలేదత్తా. మీరు చూస్తానే ఉండారు గదా, చెప్పండత్తా" అంది.

"ఈ రాత ఎవరిది?" అని సూపరింటెండెంటుగారు అడిగారు. ఫారం తీసుకుంది నేనే కదా, ఆ రాత నాకు తెలుసు. "కృపమణిదే" అన్నాను. నా గొంతు ఎక్కడా తడబడలేదు.

ఆమెను పరీక్షల నుంచి తీసేశారు. రెండేళ్ళు ఏ పరీక్షకూ కూర్చోనివ్వరట. పుస్తకం సాక్ష్యంగా ఆఫీసు బీరువాలో పెట్టారు. నువ్వు అడిగింది అడిగినట్టు చేశాను. ఇంకేమీ రాయాలని లేదు.

ఏసుమణి

*

మారికుప్పం,
7 ఏప్రిల్ 1940

నా బంగారు అక్కకు,

ఈ ఊళ్ళో బంగారానికి కొదవ లేదు గానీ నీ అంత మేలిమి ఎవరూ తవ్వి తియ్యలేదు. ఉత్తరం ఆరుసార్లు చదివాను. ఈరోజు గనిలోకి దిగేవాళ్ళందరినీ పేరు పెట్టి పలకరించాను. ముసలి కంబన్న, "ఏమప్పా, లాటరీ కొట్టినావా?" అన్నాడు. అంతకంటే పెద్దదే అన్నాను.

ఇంత చిన్న ఉత్తరమా అక్కా? ప్రేమయ్య వచ్చాడా? మొహం ఎలా పెట్టాడు? ఎవరి ముందు తల దించుకున్నాడు? కూతురిని కొట్టాడా? అన్నీ రాయి, ఒక్కటీ వదలకు. నువ్వు ముభావంగా రాయడం చూస్తే సెన్సారువాళ్ళు విప్పి చదువుతారని భయపడ్డావనుకుంటాను. ఆ భయం పెట్టుకోకు. యుద్ధం చేసేవాళ్ళకు కడప ఆడపిల్లల లెక్కల పరీక్షతో పనేముంది?

ఇంకొక్క కోరిక. ఆ చించిన కాగితం దొరికితే నాకు పంపు. కోటుతోపాటు పెట్టెలో దాచుకుంటాను.

లేవి

*

కడప,
8 ఏప్రిల్ 1940

లేవీ,

ఇది చదివేముందు కూర్చో.

నిన్న ఆరాధన దగ్గర గిడ్డమ్మ అమ్మకు సంగతి చెప్పింది, ప్రేమయ్య కూతురి దగ్గర కాగితం దొరికిందని. నా పేరు రాలేదు. అమ్మ ఇంటికొచ్చి గుమ్మంలోనే కూలబడింది. సంగటి పెడితే ముట్టలేదు. మాటిమాటికీ "అయ్యో, ఆ పిల్ల తల్లి గూడా నా మాదిరే చేసిండాదేమో" అంటోంది. మొదట నేను పట్టించుకోలేదు. మూడోసారి అన్నప్పుడు, "నీ మాదిరా? నువ్వేం చేసినావమ్మా?" అని అడిగాను.

ఆమె అన్న మాటలు అన్నట్టే రాస్తున్నాను.

"పుస్తకం మింద అయ్యగారు చెయ్యి పెట్టి ప్రార్థన చేసె గదా. పుస్తకం లోపలికి రానీరని లేవి చెప్పినాడు. అట్లయితే ప్రార్థన గూడా బయటే నిల్చిపోతాదే అనుకుంటి. అందుకే దాంట్లోంచి రెండు కాగితాలు చించి మడిచినా. కోటు గుండీలు కుడతా కుడతా, అస్తరులో ఈ పక్కొకటి ఆ పక్కొకటి పెట్టి కుట్టేసినా. వాడికి చెప్తే నగుతాడని చెప్పలే. నాకు అచ్చరం రాదు, దాంట్లో ఏం రాసుండాదో నాకేం తెలుసు?"

ఎందుకు దాచావని అరిచాను. నా గొంతుకు పక్కింటివాళ్ళు వచ్చారు.

"ముందుటేడే ఓబులమ్మ దర్గాలో తాయెత్తు కట్టించుకుందని మీ నాయనే ఆమెను సంఘంలోంచి తీసేయించె. నేను చేసింది గూడా అదే గదా? చెప్తే నన్ను ప్రభువు బల్లకు, సంఘానికి దూరం పెడతారు, మీ నాయన ఉపదేశి పని పోతాది. ఈ పొద్దు చెప్తా, రేపు చెప్తా అనుకుంటానే ఉన్నా. మీ నాయన పాయె, లేవి గూడా యాడికో పాయె. ఇంగ ఎవరికి చెప్పేది?"

ప్రేమయ్య మన కోటులో ఏమీ పెట్టలేదు లేవీ. రాత ఎవరిదని అడిగితే ఉన్నమాట చెప్పాడు. అంతే. నేను మాత్రం ఒక పసిదాని అట్ట కిందికి కాగితం తోశాను.

అమ్మకు నేను చేసింది ఇంకా తెలియదు. ఈ ఉత్తరం పోస్టు చేసి వచ్చి చెబుతాను.

ఏసుమణి

*

మారికుప్పం,
12 ఏప్రిల్ 1940

అక్కా,

నీకు మతి ఉందా?

ప్రేమయ్య మీ ఇంటికి వచ్చి ఉంటాడు. ముసలామెను కూర్చోబెట్టి, మేనత్తా మేనత్తా అని చేతులు పట్టుకుని ఈ కథ నూరిపోసి ఉంటాడు. కూతురిని గట్టెక్కించుకోవడానికి ఇప్పుడు వాడికి ఒక ప్రార్థన కాగితం కావాలి. వాడు హెడ్మాస్టరు, మాటలకు కొదవా? అమ్మకు అరవై దాటాయి. కళ్ళు కనబడవు, ఎవరేది చెప్పినా తనే చేశానంటుంది.

ఆ కథ కూడా సరిగ్గా అతకలేదు చూడు. రెండు కాగితాలు కుట్టానంటోంది. పడింది ఒక్కటే! రెండోది ఏమైంది? గాలిలో కలిసిపోయిందా? అబద్ధం చెప్పేవాడు కనీసం ఒక్కటని చెప్పాల్సింది.

నువ్వు ఎవరికీ ఏమీ చెప్పకు. నోరు విప్పావంటే నీ ఉద్యోగం పోతుంది, అమ్మను చూసే దిక్కుండదు. పదిహేనేళ్ళు నన్ను నిలబెట్టింది ఒక్కటే అక్కా, అదీ నువ్వు లాగేయకు. అతడు చెయ్యలేదంటే మరి నేను ఎవరివల్ల ఇలా అయ్యానట? అమ్మవల్లనా? ఆ మాట నాచేత అనిపించకు.

లేవి

*

కడప,
20 ఏప్రిల్ 1940

లేవీ,

నీ ఉత్తరం వచ్చేసరికి ఆలస్యమైంది. ముందే వచ్చినా నేను ఆగేదాన్ని కాదు.

పదో తేదీన సూపరింటెండెంటుగారికి అంతా రాసిచ్చాను. కాగితం ఎక్కడ చించానో, ఎలా తోశానో, ఎందుకు చేశానో, ఏదీ దాచలేదు. కృపమణి మళ్ళీ పరీక్ష రాయడానికి ఒప్పుకున్నారు. నన్ను ఆరోజే బడి నుంచి పంపేశారు. ఇక ఏ బడిలోనూ చేర్చుకోరు. ఇంట్లో సుద్దముక్క కనబడితే పక్కింటి పిల్లలకు ఇచ్చేశాను. అమ్మ కాజాలు కుడుతోంది, నేను గుండీలు వేస్తున్నాను. బతుకుతాం.

ప్రేమయ్య మన ఇంటికి రాలేదు. నేనే వాళ్ళ పల్లెకు పోయాను. నేను చేసింది విన్నాక అమ్మ కూడా వస్తానంది. బండిలో దారిపొడుగునా నా చెయ్యి వదల్లేదు, మొహం మాత్రం అవతలికి తిప్పుకుంది.

ఆయన బడి అరుగు మీద ఉన్నాడు. అంతా నిలబడే చెప్పాను. అమ్మ తన సంగతి చెప్పి కాళ్ళు పట్టుకోబోతే లేవనెత్తి, "నువ్వు కూసో అత్తా, నీ మింద నాకేం లేదు" అన్నాడు. నావైపు తిరిగాడు. నువ్వు మొహం ఎలా పెట్టాడని అడిగావు కదా. నీకోసం చూసి వచ్చాను.

"ఏసుమణీ, ఆ పొద్దు చీర తిప్పి పంపినావు. నన్నొక మాట అడిగింటే చెప్తాంటినే. లేవి కాపీ కొట్టే రకం కాదని నేను ఆ పెద్దల ముందర గూడా అన్నా. రాత ఎవరిదంటే మాత్రం అబద్ధం ఎట్ల చెప్పేది? సరే, నామింద పగ ఉంటే నామింద తీర్చుకోవాల. నా బిడ్డ ఏం చేసె? అది ఇప్పుడు పుస్తకమే ముట్టుకోదు. నువ్వు రాసిచ్చినావని విడిచిపెట్టేది లేదు. నేను చచ్చేదాకా మరిచిపోను."

అది నా మాటే లేవీ. పదిహేనేళ్ళుగా రోజూ నేను అనుకున్న మాట. ఆయన నోట కొత్తగా పుట్టడం కళ్ళారా చూశాను.

కృపమణి తలుపు వెనక నుంచి చూసింది. ఈసారి అత్తా అనలేదు.

రెండో కాగితం ఏమైందని అడిగావు. నన్నెందుకు అడుగుతావు? కోటు నీ పెట్టెలోనే ఉంది. పడింది ఒకవైపుది. రెండోవైపు అస్తరు విప్పి చూడు.

ఏసుమణి

*

మారికుప్పం,
24 ఏప్రిల్ 1940

అక్కా,

ఉత్తరం చదవడానికి ముందు ఈ కాగితాన్ని చూడు. ఒక అంచు చిరిగి ఉంది, మధ్యలో మడత పసుపుపచ్చగా ఉంది. సూది గుచ్చిన చిల్లులు వెలుతురుకు పెడితే కనబడతాయి.

అమ్మది అబద్ధమని నీకు రుజువు చేద్దామనే కోటు బయటికి తీశాను. కుడివైపు అస్తరు ఎప్పటిదో, చిరిగి వేలాడుతోంది. ఎడమవైపు బ్లేడు పెట్టాను. లోపల ఎర్రదారం కుట్లు. అమ్మ కుట్టు నాకు తెలియదా, నా చిన్నప్పటి చొక్కాలన్నీ ఆ కుట్టే కదా. మడత విప్పాను. ఇటు తిప్పాను, అటు తిప్పాను. ఒక్క అక్షరం లేదు. పుస్తకం చివర్లో మిగిలిన ఖాళీ కాగితం. అమ్మకు రాసినదీ రాయనిదీ ఒకటే కదా, చేతికి ఏది వస్తే అది చించింది.

ఆరోజు ఇది జారి ఉంటే ఎవరూ వంగి కూడా చూసేవారు కాదు. నేనే తీసి జేబులో పెట్టుకుని లెక్క పూర్తి చేసేవాణ్ణి. ఒకవేళ ఆ పెద్దలు కోటు మొత్తం విప్పి చూసినా బతికిపోయేవాణ్ణి, కాపీ కొట్టేవాడు ఖాళీ కాగితం దాచుకోడు కదా. మంట చల్లారినప్పుడల్లా ఈ కోటే చూశాను అక్కా. చూశానే గానీ ఒక్కసారి చేత్తో తడమలేదు.

నిన్న ఎవరిమీద కోపం తెచ్చుకుందామా అని పొద్దంతా వెతికాను. అమ్మ మీద రాలేదు. నీమీద వచ్చింది గానీ, చెయ్యమని రాసింది నేను. చివరికి నా పేరే మిగిలింది.

శుక్రవారం బండికి బయల్దేరుతున్నాను. ముందు మన ఇంటికి రాను, ప్రేమయ్య ఊరికి పోతాను. ఆ పిల్ల మీదికి నిన్ను ఎగదోసింది నేనని ఆయనకు తెలియదు, నువ్వు నా పేరు చెప్పి ఉండవు. నేనే చెబుతాను. కొడితే కొట్టించుకుంటాను. మరిచిపోమని మాత్రం అడగను. ఆ పిల్ల ఒప్పుకుంటే లెక్కలు చెబుతాను. ఒప్పుకోకపోతే అరుగు మీద కూర్చుని ఉంటాను.

ఈ ఉత్తరంలో అమ్మ వినకూడనిది ఏమీ లేదు. అంతా చదివి వినిపించు. చదివాక కాగితం ఆమె చేతిలో పెట్టి, నువ్వు కుట్టిన ప్రార్థన ఇదేనమ్మా, పోలేదు, వాడి దగ్గరే ఉండిందని చెప్పు.

లేవి